రెటీనా ధమనిలో ఉబ్బు పగిలితే లేజరా, సూదా, ఆగి చూడటమా?

మీ అమ్మగారికి 68 ఏళ్లు, ఎప్పట్నుంచో బీపీ. కంట్లో మాక్రోఎన్యూరిజం, అంటే రెటీనా (కంటి వెనక తెర) ధమనిలో వచ్చిన ఉబ్బు, పగిలిందని రిపోర్టు వచ్చింది. ఒక డాక్టరు ఆగుదామన్నారు, ఇంకొకరు లేజర్ అన్నారు, ఎవరి మాట వినాలని అడిగారు. ఇద్దరూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. రక్తం ఏ పొరలో నిలిచిందో దాన్నిబట్టి వైద్యం మారుతుంది. రిపోర్టులో ముందు అది చూడండి.

బీపీకి ధమని గోడ బలహీనపడి ఒకచోట ఉబ్బుతుంది. పగిలాక చాలామందిలో లోపలే రక్తం గడ్డకట్టి ఆ ఉబ్బు దానంతటదే మూసుకుపోతుంది. అందుకే మాక్యులా (రెటీనా మధ్యలో సూటి చూపునిచ్చే భాగం) బాగుండి, చూపు తగ్గకపోతే బీపీని అదుపులో పెట్టి, మధ్యమధ్య ఓసీటీ (రెటీనా పొరల్ని చూపించే స్కాన్) తీయించుకుంటే చాలు.

నీరు కారి మాక్యులా వాస్తే ఇప్పుడు ఎక్కువగా కంట్లో సూదే వేస్తున్నారు. బెవాసిజుమాబ్ అయితే 1.25 మి.గ్రా., అంటే 0.05 మి.లీ., నెలకొకటి చొప్పున. ఈ జబ్బుకని ప్రత్యేకంగా అనుమతి ఉన్న మందు కాదు కాబట్టి ఆ మాట రాసిన కాగితం మీద సంతకం అడుగుతారు, కంగారు పడకండి. లేజర్‌తో వచ్చే చిక్కు ఏమిటంటే, ఉబ్బు మీద నేరుగా కొడితే ఆ ధమనే మూసుకుపోయి, అవతలి భాగానికి రక్తం అందకపోవచ్చు. ఆ ధమని మాక్యులాకి వెళ్లేదైతే ఉబ్బు చుట్టూ తేలిగ్గా కొట్టడమే మేలు. కారిన నీటితో పాటు రెటీనాలో పేరుకున్న కొవ్వు పసుపు మరకలు కరగడానికి నెలలు పడుతుంది. మొదట్లో కాస్త పెరిగినట్టు కనిపించినా లేజర్ పనిచేయలేదని అనుకోవద్దు.

రక్తం రెటీనా ముందు, మాక్యులాకి అడ్డంగా పడవ ఆకారంలో నిలిస్తే యాగ్ లేజర్‌తో పై పొరకి చిల్లు పెడతారు. ఆ చిల్లు రక్తపు మడుగు కింది అంచున, మాక్యులాకీ నాళాలకీ దూరంగా పడాలి. మొదటి రెండు మూడు వారాల్లోనే ఇది పనికొస్తుంది. ఆ తర్వాత రక్తం గడ్డకట్టి కిందికి జారదు. చిల్లు పెట్టాక కొన్నాళ్లు కళ్ల ముందు నల్లటి మబ్బు తేలుతుంది.

అన్నిటికన్నా తొందరపడాల్సింది మాక్యులా కింద మందంగా రక్తం చేరినప్పుడు. అందులోని ఇనుము చూపు కణాలను చంపుతుంది. ఒకటి రెండు వారాల్లోపు, గడ్డను కరిగించే టీపీఏతో పాటు సుమారు 0.3 మి.లీ. గ్యాస్ ఎక్కించి, రోగిని బోర్లా ఉంచి, ఆ రక్తాన్ని పక్కకి నెడతారు. గ్యాస్ పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. అమెరికా టికెట్టు తీసి ఉంటే వాయిదా వేయండి. ఈలోపు వేరే ఆపరేషన్ ఏదైనా పడితే, కంట్లో గ్యాస్ ఉందని మత్తు డాక్టరుకి తప్పక చెప్పాలి. మత్తుకి వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఇస్తే కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోతుంది.

రక్తం కమ్మేస్తే ఎఫ్ఎఫ్ఏలో (రంగు మందు ఎక్కించి రెటీనా నాళాలను ఫోటో తీసే పరీక్ష) ఉబ్బు కనిపించదు. అలాంటప్పుడు దీన్ని వయసుతో వచ్చే మాక్యులా జబ్బుగా పొరపడి సూదుల మీద సూదులు వేసే ప్రమాదముంది. రెటీనాకి ముందూ వెనకా రెండువైపులా రక్తం ఉంటే ఐసీజీ పరీక్ష (రక్తం అడ్డున్నా నాళాలు కనిపించే వేరే రంగు మందుతో తీసేది) గురించి అడగండి. ఎకోస్ప్రిన్‌లాంటి, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు గుండె డాక్టరుని అడగకుండా ఆపొద్దు. రక్తం తొలగిపోయాక కూడా చూపు రాకపోతే ఇంకోసారి ఓసీటీ తీయించండి, కొందరికి దాని వెనక మాక్యులాలో రంధ్రం బయటపడుతుంది.