రాజ్‌ఘాట్ నమూనాకు కప్పు వేయాలా?

ప్రశ్న: గాంధీ జయంతికి మా బడి పిల్లలు మట్టితో రాజ్‌ఘాట్ నమూనా చేస్తున్నారు. పైన మండపం పెట్టాలా? - ఓ ఉపాధ్యాయిని, అమలాపురం

జవాబు: వద్దండీ. కప్పు వేస్తే అది రాజ్‌ఘాట్ కాదు. 1948 జనవరి 31న బాపూజీకి దహన సంస్కారం జరిగిన చోట, ఆరుబయట, అలంకారాల్లేని నల్ల పాలరాతి చదరపు వేదిక అది. వాస్తుశిల్పి వానూ భూతా. ఆ నిరాడంబరతే దాని అర్థం. అస్థికలు అక్కడ లేవు కాబట్టి సమాధి గుమ్మటంలా మలచకండి. అడుగు చదరానికి రెండంగుళాల ఎత్తు చాలు. ముందువైపు దేవనాగరిలో ‘హే రామ్’, ఒక అంచున గాజు దీపంలో అఖండ జ్యోతి.

మన లంక నల్లమట్టి ఒట్టిదే వాడితే ఆరేటప్పుడు బీటలు తీస్తుంది. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు సన్న ఇసుక, గుప్పెడు ఊక కలిపి, నీడనే ఆరబెట్టండి. నల్లరంగు ఆ తర్వాతే.