రేడియోలో పాటల సమయం తీసేస్తే శ్రోతలు ఎవరికి, ఎలా రాయాలి?

ప్రశ్న: "మాది నల్లగొండ జిల్లా. మాకు వినపడే ప్రభుత్వ రేడియోలో పొద్దున లలిత సంగీతం, వారానికోసారి జానపదాలు వచ్చేవి. ఇప్పుడు ఆ టైంకి వేరేచోటి నుంచి రిలే వస్తోంది. ఇరవై మంది శ్రోతలం సంతకాలు పెట్టి లెటర్ పంపితే 'పరిశీలిస్తాం' అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఇంకేం చేయాలి?"

జవాబు:

"మా పాటలు మాకు కావాలి" అని రాస్తే "పరిశీలిస్తాం" అనే వస్తుంది. ఏ రోజు, ఏ టైంకి, ఎన్ని నిమిషాలు పోయాయి, వాటి స్థానంలో ఏం వచ్చింది అని రాస్తే మాత్రం ఎవరో ఒకరు ఫైలు తెరిచి చూడాల్సి వస్తుంది. పని మొత్తం ఈ లెక్క మీదే నిలబడుతుంది. రేడియో కేంద్రం పేరు మీరు రాయలేదు, ఫర్వాలేదు. పద్ధతి ఎక్కడైనా ఇదే.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. పాట ఆగిందా, మీకు వినపడటం ఆగిందా? రెండూ వేరు, చూసే విభాగాలూ వేరు. ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో అదే టైంకి అదే కేంద్రం పెట్టి వినండి. యాప్‌లో పాట వస్తూ రేడియోలో రాకపోతే అది ట్రాన్స్‌మిటర్ సంగతి, ఇంజినీరింగ్ వాళ్లకు రాయాలి. మీడియం వేవ్ అయితే ఇంట్లో ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు తీసేసి, రేడియోను అడ్డంగా మెల్లగా తిప్పి చూడండి. లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ కొస స్టేషన్ వైపుకు ఉంటే శబ్దం బాగా పడిపోతుంది, కడ్డీ పక్క స్టేషన్ వైపుకు తిరిగితే నిండుగా వస్తుంది. ఇంత చూశాక కూడా పాట లేకపోతేనే "కార్యక్రమం తీసేశారు" అని రాయండి. లెటర్లో ఫ్రీక్వెన్సీ తప్పకుండా ఉండాలి. హైదరాబాద్ 'ఎ' అయితే 738 కిలోహెర్ట్జ్, వివిధ భారతి అయితే 102.8, రెయిన్‌బో అయితే 101.9 మెగాహెర్ట్జ్. ఉత్త "రేడియోలో" అని రాస్తే ఏ చానెల్ గురించో తెలియక అక్కడే ఆగుతుంది.

రెండో సంగతి, మీరు వినేది స్టూడియో ఉన్న కేంద్రమా, ఉత్త రిలే ట్రాన్స్‌మిటరా? 2023 ఏప్రిల్ 28న దేశమంతటా 91 చోట్ల 100 వాట్ల ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు మొదలయ్యాయి. ఇలాంటి చిన్నవి వేరేచోట తయారైన కార్యక్రమాన్ని అందుకుని వదులుతాయి, అంతే. అక్కడ ఉండే టెక్నీషియన్‌కు పాట పెట్టే అధికారం ఉండదు. కార్యక్రమం ఎక్కడ తయారవుతుందో ఆ కేంద్రం ప్రోగ్రాం విభాగం అధిపతి పేరిట రాయాలి. ఈ ఒక్క పొరపాటుతోనే లెటర్ వృథా కావచ్చు.

ఇక లెక్క. ఆకాశవాణిలో ప్రతి కేంద్రానికీ ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అని ఒకటి ఉంటుంది. ఏ వారం, ఏ నిమిషానికి, ఏ రకం కార్యక్రమం, ఎంతసేపు అన్నది దాంట్లో ఉంటుంది. లోపల దాన్ని ఎఫ్‌పీసీ అంటారు. మీరు కూడా అదే మాట వాడండి, ఎదుటివాళ్లు లెటర్‌ను చదివే తీరు మారుతుంది. కొన్ని కార్యక్రమాలు ఒకటో, మూడో ఆదివారాల్లోనే వస్తాయి. అందుకే ఒక్క వారం విని రాస్తే "అది పక్షానికోసారి వస్తుంది, మీరు వినలేదు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. వరుసగా 28 రోజులు రాయండి. ఒక నోటుబుక్కు చాలు. తేదీ, మొదలైన టైం, అయిపోయిన టైం, అనౌన్సర్ చెప్పిన పేరు, పాడినవాళ్ల పేరు, ఏ భాష, ఎక్కడి నుంచి రిలే, కొత్తదా మళ్లీ వేసిందా అని గళ్లు గీయండి. ఇద్దరు వేర్వేరు ఊళ్ల నుంచి రాస్తే ఇంకా మంచిది. టైం మాత్రం రేడియో సెట్టు నుంచే తీసుకోవాలి. యాప్‌లో పాట కొంత ఆలస్యంగా వస్తుంది, ఆ తేడా చూపించి మీ పట్టిక మొత్తం తప్పంటారు. మొదటి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోండి, అనౌన్స్‌మెంట్ దానిలో ఉంటుంది. వాటిని యూట్యూబ్‌లో పెట్టొద్దు. కాపీరైట్ గొడవలో పడితే అసలు సంగతి పక్కకు పోతుంది.

తర్వాత పోయిన నిమిషాలను ఏడాదికి కట్టండి. రోజుకు పావుగంట అంటే చిన్నగా వినపడుతుంది, ఏడాదికి అది 91 గంటల 15 నిమిషాలు. వారానికి అరగంట అంటే ఏడాదికి 26 గంటలు. లెటర్ మొదటి వాక్యంలో ఉండాల్సింది ఈ అంకె.

లెటర్ ఒక పేజీ దాటొద్దు. పోయింది ఏమిటో మూడు లైన్లు, పట్టిక నకలు జత, అడిగేది ఒక్కటి. ఆ అడిగేది వాళ్లు చేయగలిగేదై ఉండాలి. "అన్నీ మునుపటిలా చేయండి" అంటే పై ఆఫీసు మీదికి తోసేస్తారు. "ఆదివారం ఫలానా అరగంట రిలే బదులు మీ లైబ్రరీలోని జానపద రికార్డింగులు వేయండి" అంటే అది అక్కడే తేలే పని. రిలేకు ఖర్చు లేదు, మనుషులు అక్కర్లేదు. కొత్త పాట రికార్డు చేయాలంటే గాయకులు, వాద్యకారులు, స్టూడియో, పారితోషికం, అన్నీ కావాలి. వాద్యకారులు రిటైరయ్యాక ఆ కుర్చీలు నిండకపోతే పాటల గంటలే ముందు కరుగుతాయి. అందుకే పాత రికార్డింగుల నుంచి అడగడం మొదటి మెట్టు. ప్రకటనలతో నడిచే టైం అడగకండి, అది ఇవ్వరు.

"మా తాతల కాలం నుంచి వింటున్నాం" అన్న వాక్యం నిజమే, మనసుకూ పడుతుంది. కానీ దాని మీద ఏ నిర్ణయమూ జరగదు. పనికొచ్చేది చట్టం. ఆకాశవాణిని నడిపే సంస్థ ప్రసార భారతి. 1990 ప్రసార భారతి చట్టం 12వ సెక్షన్‌లో, వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన కార్యక్రమాల ద్వారా చోటివ్వడం సంస్థ పనుల్లో ఒకటిగా రాసి ఉంది. దాని పక్కనే మన జిల్లాల పాట రూపాల పేర్లు పెట్టండి. నాగర్‌కర్నూల్ వైపు పన్నెండు మెట్ల కిన్నెర ఉంది, దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది దానికే. సాయుధ పోరాటం రోజుల్లో సుద్దాల హనుమంతు జనంలోకి తీసుకెళ్లిన గొల్లసుద్దులు ఈ నల్లగొండ గడ్డవే. శారద కథ, ఒగ్గు కథ, దేవరకొండ తండాల్లో తీజ్ పాటలు, అమ్రాబాద్ చెంచుల పాటలు ఉన్నాయి. "ఇవి గత 28 రోజుల్లో మొత్తం ఎన్ని నిమిషాలు వచ్చాయి?" అని అడగండి. "యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి కదా" అన్నవాళ్లకు జవాబు కూడా ఇదే. సినిమా పాట అక్కడ ఉంది. ఊళ్లో ముసలవ్వ పాడిన నాట్ల పాట రేడియో టేపులో తప్ప ఇంకెక్కడా లేకపోవచ్చు. పైగా పత్తి చేనులో కలుపు తీసే మనిషి కీప్యాడ్ ఫోన్‌కు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటుంది. ఆ వైరే దానికి ఏరియల్, నెట్ బ్యాలెన్సుతో పని లేదు.

సంతకాల కాగితం మీద ప్రతి పేజీ పైనా అడిగేది రాసి ఉండాలి. పేర్ల పేజీలు విడిగా ఉంటే దేనికి పెట్టిన సంతకాలో తెలియదు. పేరు, ఊరు, మండలం, ఎందులో వింటారు, ఈ నాలుగూ చాలు. వాట్సాప్‌లో తిప్పిన ఒకే మాట 400 మంది పంపినా దాన్ని ఒక్కటిగానే చూస్తారు. 40 మంది 50 పైసల పోస్టు కార్డు మీద ఎవరి మాట వాళ్లు, ఏ పాట ఆగిందో పేరుతో సహా రాస్తే అది బరువు. అసలు లెటర్ మాత్రం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. నకలు ఒకటి ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్, ఆకాశవాణి భవన్‌లోని డైరెక్టర్ జనరల్‌కు, ఒకటి కోపర్నికస్ మార్గ్‌లోని ప్రసార భారతి సీఈఓకు పోవాలి.

నెల దాటినా కదలిక లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్, సీపీగ్రామ్స్‌లో పెట్టండి. సమాచార ప్రసార శాఖ కింద ప్రసార భారతి ఎంచుకోవాలి. 2024 ఆగస్టు నుంచి గడువు 21 రోజులు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. "సలహా" అని కనపడేది ఫిర్యాదు కింద తీసుకోరు. "జానపద కార్యక్రమం పెట్టాలని కోరుతున్నాం" అంటే అది సలహా. "ఫలానా తేదీ నుంచి ఫలానా కార్యక్రమం కారణం చెప్పకుండా ఆపేశారు, ఏడాదికి 26 గంటల సేవ పోయింది" అంటే అది ఫిర్యాదు. "సంబంధిత విభాగానికి పంపాం" అని మూసేస్తే 30 రోజుల్లో అదే పోర్టల్‌లో అప్పీలు వేయండి.

దాంతోపాటే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు దరఖాస్తు. ఇది కేంద్ర సంస్థ, కాబట్టి కేంద్ర ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయలు కట్టి వేయొచ్చు. కాగితం మీదైతే అకౌంట్స్ ఆఫీసర్ పేరిట పోస్టల్ ఆర్డర్ పెట్టాలి. మన రాష్ట్ర ఆఫీసులకు అలవాటుగా అంటించే కోర్టు ఫీ స్టాంపు ఇక్కడ చెల్లదు, తిప్పి పంపుతారు. "ఎందుకు తీసేశారు?" అని అడగొద్దు. కారణం అడిగితే "అది సమాచారం కిందికి రాదు" అంటారు. ఉన్న కాగితాలనే అడగాలి: మార్పుకు ముందున్న ఎఫ్‌పీసీ నకలు, ఇప్పటి ఎఫ్‌పీసీ నకలు, మార్పును ఆమోదించిన నోట్ షీట్ నకలు, గత మూడేళ్లలో ఏడాదివారీగా సొంతంగా తయారైన గంటలు, రిలే గంటలు, అదే కాలంలో జానపద, లలిత సంగీతం కొత్త రికార్డింగుల సంఖ్య, సంగీత విభాగంలో మంజూరైన పోస్టులు, ఖాళీలు. ఈ ఆరూ చాలు. నకలుకు పేజీకి 2 రూపాయలు పడుతుంది. 30 రోజుల్లో జవాబు రాకున్నా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దానికి ఫీజు లేదు. ఆపైన 90 రోజుల్లోపు కేంద్ర సమాచార కమిషన్.

లైబ్రరీలోని పాత టేపుల జాబితా మొత్తం అడిగితే సమాచార హక్కు చట్టం సెక్షన్ 7(9) చూపించి, మనుషుల సమయం విపరీతంగా పోతుంది, అడిగిన రూపంలో ఇవ్వలేం అంటారు. అప్పుడు రిజిస్టరు వచ్చి చూసుకుంటామని తనిఖీ అడగండి. మొదటి గంట ఉచితం, తర్వాత గంటకు 5 రూపాయలు. ఈ మెట్టు మాత్రం వదలొద్దు. స్పూల్ టేపు డబ్బా మీద అతికించిన చీటీలో పాడినవాళ్ల పేరు, తేదీ, నిమిషాలు ఉంటాయి. చాలాసార్లు ఊరి పేరు కూడా ఉంటుంది. మూత తీయగానే పుల్లటి వెనిగర్ వాసన వస్తే అది ఎసిటేట్ టేపు, పాడవడం మొదలైంది, చుట్టు తిరగబడి పెళుసవుతుంది. తర్వాతి కాలం పాలిస్టర్ టేపుల్లో కొన్ని తేమకు జిగురుపట్టి, ఆడిస్తే పూత ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. అలాంటిది ఊరికే ప్లేయర్‌కు ఎక్కిస్తే ఆ ఒక్కసారితో పాట పోతుంది. కాబట్టి "వేయండి" అనే ముందు "డిజిటల్ చేసి వేయండి, ఏవి ఇంకా కాలేదో చెప్పండి" అని అడగాలి.

ఎంపీ దారి కూడా ఉంది. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నల్లగొండ, భువనగిరి ఎవరిది వాళ్లు పట్టుకోవాలి. పార్లమెంటులో ప్రశ్న వేయాలంటే 15 రోజుల ముందు నోటీసు కావాలి కాబట్టి సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు. చేతికి ఇవ్వాల్సింది వినతిపత్రం కాదు, ప్రశ్న వాక్యమే టైపు చేసి, ఆర్టీఐ జవాబు నకలు జతపెట్టి ఇవ్వండి.

శ్రోతల మాట ఎక్కడైనా నెగ్గిందా అంటే, నెగ్గింది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణి సినిమా పాటను పక్కన పెడితే జనం రేడియో సిలోన్‌కు తిప్పుకున్నారు. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి వచ్చింది దానికి జవాబుగానే. బ్రిటన్‌లో 2010 మార్చిలో బీబీసీ తన 6 మ్యూజిక్ చానెల్‌ను మూసేస్తామంది. శ్రోతలు రాతపూర్వకంగా వేల అభిప్రాయాలు పంపారు, జూలైలో, అప్పట్లో బీబీసీపై పర్యవేక్షణ చేసిన బీబీసీ ట్రస్టు ఆ ప్రతిపాదన ఒప్పుకోలేదు. అక్కడ అభిప్రాయాలు అడిగే దశ ఒకటి పద్ధతిలోనే ఉంది. మన దగ్గర చార్ట్ మార్చేముందు శ్రోతలను అడగరు, అందుకే ఆర్టీఐ, ఫిర్యాదుల దారి పట్టాల్సి వస్తోంది.

ఒకవేళ "పాడేవాళ్లు లేరు" అని జవాబొస్తే దాన్ని అలా వదిలేయకండి. ఆడిషన్‌లో ఎంపికై గ్రేడు వచ్చినవాళ్లనే సాధారణంగా ఆకాశవాణి రికార్డింగుకు పిలుస్తుంది. బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులు. మీ మండలంలో కిన్నెర, శారద, ఒగ్గు వాళ్లెవరికైనా గ్రేడు ఉందేమో కనుక్కోండి. లేకపోతే కేంద్రం నుంచి ఆడిషన్ ఫారం తెప్పించి, దగ్గర కూర్చుని నింపి పెట్టండి. ఎంతో మంది మంచి గొంతులు ఆ ఫారం నింపేవాళ్లు లేకే ఆగిపోయాయి. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, బ్యాంకు ఖాతా పేరు కూడా దానితో కలవాలి, లేదంటే పారితోషికం దగ్గర ఇరుక్కుంటుంది.

అరగంట తిరిగి వస్తే, మొదటి నెల ప్రతి వారం కనీసం పదిమంది కార్డు రాయండి. పాడినవాళ్ల పేరు, తేదీ, ఏ పాట అని. తర్వాతి చార్ట్ తయారయ్యేటప్పుడు ఆ టైంకి శ్రోతలున్నారని చూపించడానికి కేంద్రంలోని వాళ్ల చేతిలో ఉండేవి ఆ కార్డులే.