మంగోలియా వాళ్ళు ఇప్పటికీ గుడారాల్లో ఎందుకు ఉంటున్నారు? అంత పేదవాళ్ళా?

పేదరికానికీ దానికీ సంబంధం లేదండి. గడ్డి ఎక్కడుంటే మందని అక్కడికి తోలుకెళ్ళాలి, ఇల్లు కూడా వెంట రావాలి, అంతే. నేను అక్కడి దోర్నోగోవి రాష్ట్రంలో సైన్‌షాండ్ అనే ఊరి దగ్గర, మన దేశం ఇచ్చిన అప్పుతో కడుతున్న ఆయిల్ రిఫైనరీ పనిలో కొన్నాళ్ళు ఉన్నా. అంతా గోబీ ఎడారే, కనుచూపు మేర ఒక్క చెట్టుండదు.

అక్కడ ఒక కుటుంబం మకాం మార్చి గెర్ (మీరు గుడారం అంటున్న ఇల్లే) వేసుకోవడం దగ్గరుండి చూశా. మొగుడూ పెళ్ళాం, ఒక ముసలావిడ, ఇద్దరు పిల్లలు, ఒక చిన్న ట్రక్కు. ముందు స్టవ్, పెట్టెలు, మంచాలు నేల మీద ఎక్కడివక్కడ సర్దేశారు, ఆ తర్వాత వాటి చుట్టూ గోడలు నిలబెట్టారు! తలుపు చిన్నది కదా, తర్వాతైతే సామాను లోపలికి పట్టదు. గోడలంటే దగ్గరికి నెడితే ముడుచుకుపోయే కర్ర జాలీలు. తలుపు దక్షిణం వైపే పెట్టాలి, ఎందుకంటే చలిగాలి ఉత్తరం నుంచి కొడుతుంది. నడిమధ్యలో రెండు స్తంభాలు, వాటి మీద గుండ్రటి చట్రం, దాని పేరు తోనో, దాన్నుంచి గోడల మీదకి కర్రలు. పైన గొర్రె ఉన్నిని తడిపి ఒత్తి చేసిన పట్టలు కప్పారు, మన గొల్లల గొంగడి కంటే ఎన్నో రెట్లు మందం ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల టైముకి మొదలుపెట్టారు, పొద్దు వాలకముందే లోపల పాలు, ఉప్పు వేసిన టీ మరుగుతోంది. చిన్నోడు ఆ రెండు స్తంభాల మధ్య నుంచి పరిగెత్తితే ముసలావిడ గట్టిగా ఒక్క అరుపు అరిచింది, వాడు గోడ పక్కగా చుట్టు తిరిగి వచ్చాడు. స్తంభాల మధ్య నుంచి పోకూడదు, గడప తొక్కకూడదు, లోపల ఉత్తరం వైపు దేవుడికీ పెద్దలకీ. ఇన్ని పద్ధతులున్న ఇంటిని గుడారం అనడానికి నాకు నోరు రాదు.

చలి మైనస్ 30, 40కి పడిపోయినా ఇంకో ఉన్ని పొర వేసి, ఎండిన పేడ మంటతో నెట్టుకొస్తారు. ఎండాకాలం అడుగున పట్ట పైకెత్తితే చల్లగా గాలి ఆడుతుంది. మన ఊళ్ళల్లో సిమెంటు స్లాబులేసుకుని మే నెలలో ఉడికిపోతూ కరెంటు బిల్లులు కట్టేవాళ్ళం వాళ్ళని వెనకబడ్డారంటామా? 2000లో వాళ్ళ ప్రభుత్వం లక్ష గెర్లకి సోలార్ స్కీము మొదలుపెట్టి 2012కల్లా పూర్తి చేసింది. ఇప్పుడు ఎడారి మధ్యలో కూడా టీవీ, ఫోన్ ఛార్జింగ్ అన్నీ ఉన్నాయి.

ఇంకోటి, మేత భూమి అక్కడ ఎవడి సొంతమూ కాదు, 1992 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. గట్టు తగాదాలతో అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరిగే మన దగ్గర నుంచి వెళ్ళినవాడికి అది ఎంత పెద్ద విషయమో చూస్తేనే అర్థమవుతుంది.

అసలు కష్టం జుద్. ఎండాకాలం వానల్లేక గడ్డి పెరగదు, దాని వెనకే మంచు పడి కరిగి మళ్ళీ గడ్డకట్టి రాయిలా అయిపోతే పశువు ముట్టె ఆనించినా గడ్డి అందదు. 2009-10 చలికాలంలో 80 లక్షలకి పైగా పశువులు పోయాయి, 2023-24లో 70 లక్షలకి పైగా. దానికి తోడు 1990ల తర్వాత కాశ్మీర్ అనే మెత్తటి మేక ఉన్ని కోసం మేకల్ని విపరీతంగా పెంచారు, మేకలు గడ్డిని వేర్లతో సహా లాగేస్తాయి, నేల పాడవుతోంది. నా మటుకు నాకు సగం తప్పు ఆ ఉన్ని కొనే పెద్ద దేశాలదే అనిపిస్తుంది.

మంద పోయినవాళ్ళు గెర్ ట్రక్కులో వేసుకుని రాజధాని ఉలాన్‌బాతర్ చేరతారు. 35 లక్షల జనాభాలో దాదాపు సగం అక్కడే ఉంది. ఊరి చుట్టూ కొండల మీద గెర్లు వేసుకుని చలికాలమంతా బొగ్గు కాలుస్తారు. ముడి బొగ్గు 2019లో నిషేధించి శుద్ధి చేసిన బొగ్గు ముద్దలు ఇచ్చారు, అయినా పొగ పూర్తిగా తగ్గలేదు. మన యూట్యూబర్లు విమానం దిగగానే ఆ కొండలే వీడియో తీసి మంగోలియా పేదరికం అని పెడుతున్నారు. పశువులు చచ్చిపోబట్టి వాళ్ళు అక్కడికొచ్చారన్న సంగతి మాత్రం ఒక్కడూ చెప్పడు.