బైపాస్ అయిన నాన్నకు ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ పరీక్ష అవసరమా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. ఇరవై రోజుల క్రితం బైపాస్ ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక బాగా నీరసంగా ఉంటున్నారు. ఆపరేషన్ వల్ల రక్తంలో ఆక్సిడేటివ్ స్ట్రెస్ పెరుగుతుందని, పరీక్ష చేయించి విటమిన్ ఇ క్యాప్సూల్స్ వాడమని తెలిసినాయన చెప్పి, ఒక డబ్బా తెచ్చిచ్చారు. పరీక్షకు నాలుగు వేలట. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు ఆ డబ్బా పక్కన పెట్టండి. ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే. బైపాస్‌లో చాలామందికి గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళాన్ని క్లాంప్‌తో బిగించి, పొటాషియం కలిపిన ద్రావణంతో గుండెను కాసేపు ఆపుతాం. ఆ సమయంలో రక్తం, గుండె-ఊపిరితిత్తుల పని చేసిపెట్టే హార్ట్-లంగ్ మెషిన్ గొట్టాల్లో తిరుగుతుంది. ప్లాస్టిక్ తగిలేసరికి తెల్లకణాలు రెచ్చిపోతాయి, కొన్ని ఎర్రకణాలు నలిగి పగిలిపోతాయి. అసలు ఘట్టం క్లాంప్ తీసినప్పుడు. పాలిపోయి కదలకుండా ఉన్న గుండె మా కళ్లముందే ఎర్రబడి, సన్నగా వణికి, కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ఎన్నిసార్లు చూసినా ఊపిరి బిగబట్టే చూస్తాం. అప్పటిదాకా ఆకలితో ఉన్న కణాల్లోకి ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చిపడి, కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుట్టుకొస్తాయి. కోసిన వంకాయ గాలి తగిలి నల్లబడుతుంది చూడండి, కొంచెం అలాంటిదే. వాటిని అణచే గ్లుటాథయోన్, విటమిన్ సి లాంటివి రక్తంలో తగ్గిపోయి, బ్యాలెన్స్ తప్పుతుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఇదే.

కానీ ఇదంతా ఐసీయూ నాటి సంగతి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే సర్దుకోవడం మొదలవుతుంది. ఇరవయ్యో రోజున ఆ పరీక్షలో ఏ అంకె వచ్చినా, దాన్ని చూసి నేను ఒక్క మాత్ర కూడా మార్చను. నాలుగు వేలు దండగ.

ఇక క్యాప్సూల్స్. గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న సుమారు 9,500 మందిపై చేసిన ‘హోప్’ అధ్యయనంలో రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ వల్ల గుండెకు లాభం కనబడలేదని 2000లో తేలింది. 2005లో వచ్చిన దాని కొనసాగింపులోనైతే, అది వాడినవారిలో హార్ట్ ఫెయిల్యూర్ కాస్త ఎక్కువగా కనిపించింది. పైగా మీ నాన్నగారు యాస్పిరిన్ వేసుకుంటూ ఉండాలి, క్లోపిడోగ్రెల్ కూడా ఉండొచ్చు. రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలే. వాటికి తోడు ఎక్కువ మోతాదు విటమిన్ ఇ పడితే రక్తస్రావం భయం పెరుగుతుంది.

నీరసానికి నా మొదటి అనుమానం రక్తహీనత మీద. బైపాస్ తర్వాత చాలా మామూలు. హిమోగ్లోబిన్ చూపించండి, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రకు కూడా ఒళ్లు బరువుగా అనిపించొచ్చు, అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. రాత్రి నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా అన్నదీ గమనించండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోల బరువు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, కోతపెట్టిన చోట చీము కారినా, జ్వరం వచ్చినా రివ్యూ తేదీ కోసం ఆగొద్దు. కూర్చుని ఉన్నా గుండె దడదడలాడుతూ లయ తప్పినట్టు అనిపిస్తే అదే రోజు వెళ్లి ఈసీజీ తీయించండి.

విటమిన్ సి కావాలనుకుంటే ఉసిరికాయో, జామపండో పెట్టండి. ఉసిరి పచ్చడి మాత్రం వద్దు, ఉప్పు ఎక్కువ. రివ్యూకి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రలన్నిటితోపాటు ఆ డబ్బా కూడా సంచిలో వేసుకెళ్లి మీ సర్జన్‌కు చూపించండి.