సమాధానం: లెమ్మీలో వేరే సర్వర్ కమ్యూనిటీ ఖాళీగా కనిపిస్తే

లెమ్మీ అంటే వేర్వేరు సర్వర్లు కలిసి నడిచే చర్చా వేదిక, అందులో ఒక్కో విషయంపై మాట్లాడుకునే గుంపే కమ్యూనిటీ. వేరే సర్వర్‌లో వందల పోస్టులున్న కమ్యూనిటీ మీ లెమ్మీ అకౌంట్‌లో దొరకడం లేదు, దొరికినా ఖాళీగా ఉంది అన్నారు కదా. టెన్షన్ పడకండి, మీ తప్పేం లేదు. మీ సర్వర్ వాళ్లెవరూ ఇంతవరకు అందులో చేరి ఉండరు. ఒక్కరైనా చేరితేగాని అక్కడి కొత్త పోస్టులు ఇక్కడికి రావు. పేపర్ వేయించుకున్న రోజు నుంచే వస్తుంది, పాతవి రావు కదా, ఇంచుమించు అలాగన్నమాట.

లాగిన్ అయ్యాక సెర్చ్‌లో ! గుర్తు, కమ్యూనిటీ పేరు, @, సర్వర్ అడ్రస్ మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. వెంటనే రాకపోతే కాసేపాగి మళ్లీ వెతకండి. దొరకగానే సబ్‌స్క్రైబ్ నొక్కండి. పాత చర్చలు మాత్రం ఆ సర్వర్‌కే వెళ్లి చదువుకోవడం మేలు.

అప్పటికీ రాలేదా? రెండు సర్వర్లకూ మాటల్లేవేమో! మీ సర్వర్ పేజీ అడుగున ఇన్‌స్టాన్సెస్ (అంటే సర్వర్లు) లింకులో బ్లాక్ చేసిన సర్వర్ల జాబితా ఉంటుంది, చూడండి.