మెడల్ మెళ్ళో పడింది, సంతోషం మాత్రం రాలేదు

చలికాలం వస్తే చాలు, ఈ కాలమ్‌కి వచ్చే ఉత్తరాల్లో సగం వైజాగ్ బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్ళ నుంచే ఉంటాయి. ఈసారి మోకాళ్ళ నొప్పులు, షూ బ్రాండ్లు పక్కన పెట్టేసి మనసు గురించి అడిగిన మూడు ఉత్తరాలు తీసుకున్నా.

ప్రశ్న: నమస్తే మేడమ్. నాకు 41 ఏళ్ళు, ఎంవీపీ కాలనీలో ఉంటాం, స్కూల్లో లెక్కలు చెప్తాను. ఈమధ్యే బీచ్ రోడ్డులో ఫస్ట్ టైం హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్ల పరుగు) చేశా, 2 గంటల 48 నిమిషాలు పట్టింది. నాలుగైదు నెలలు తెల్లారి నాలుగున్నరకే లేచి ప్రాక్టీస్ చేశాను, మా అత్తగారైతే "ఏటమ్మా ఆ పరుగు, ఎవుడైనా తరుముతున్నాడేటి" అని రోజూ ఒకటే నవ్వు. రేస్ రోజు కాఫీ ఒక్కటే తాగి బయల్దేరా. రుషికొండ దగ్గర యూ-టర్న్ వరకు బానే ఉంది, అక్కణ్ణుంచి మొదలైంది కోపం, మైకులో పాటలు పెట్టినోడి మీద, నన్ను దాటిపోతున్నవాళ్ళ మీద, ఇంట్లో ముసుగేసుకుని పడుకున్న మా ఆయన మీద. 17వ కిలోమీటర్ దగ్గర ఎవరో చిన్న పిల్లాడు నారింజ తొనలు పట్టుకుని "ఆంటీ ఇంకొంచెమే ఆంటీ" అన్నాడు, అంతే, ఏడుపు ఆగలేదు, తొన నోట్లో పెట్టుకుని ఏడుస్తూనే పరిగెత్తా. తీరా ఫినిష్ లైన్ దాటి మెడల్ వేయించుకున్నాక చూస్తే లోపల ఏమీ లేదు. చుట్టూ అందరూ గంతులేస్తున్నారు, నేనేమో ఇంట్లో ఇడ్లీ పిండి ఉందా లేదా అని ఆలోచిస్తున్నా. మూడు వారాలైంది, ఏదో వెలితి, షూ చూస్తేనే చిరాకు. నాలో ఏమైనా లోపమా?

జవాబు: లోపం లేదు గీపం లేదమ్మా. ఫినిష్ లైన్ దగ్గర ఇడ్లీ పిండి గుర్తొచ్చిన మొదటి ఆడమనిషి మీరేం కాదు, చివరివాళ్ళూ కారు.

ముందు కోపం సంగతి చూద్దాం. రాత్రి నిద్రలో మన లివర్‌లో దాచుకున్న చక్కెర నిల్వ చాలావరకు ఖర్చయిపోతుంది, పొద్దున్న ఏమీ తినకుండా కాఫీ తాగి బయల్దేరితే ఇక మీకున్నది కండల్లో దాచుకున్న చక్కెర, అంటే గ్లైకోజెన్ మాత్రమే, అది ఓ మోస్తరు స్పీడులో గంటన్నర, రెండు గంటలు వస్తుంది. మీరు యూ-టర్న్ తీసుకున్న టైం లెక్కేసుకోండి, లెక్కల టీచరే కదా. మెదడు నడిచేది ముఖ్యంగా గ్లూకోజ్ మీద, అది కాస్త తగ్గిందంటే ముందు పోయేది ఓపికే. పైగా తిరుగు దారిలో సూర్యుడు పైకొచ్చేసి ఉంటాడు, సముద్రం పక్కన ఉక్కపోత, చెమట కారిపోతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంటుంది. ఇంత జరుగుతున్నప్పుడు మైకులో పాట నచ్చలేదంటే వింతేముంది! వచ్చేసారి బయల్దేరే ముందు రెండు గంటలు ఉందనగా రెండు ఇడ్లీలో, అరటిపండు బ్రెడ్డో తినండి, పరుగులో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడేలా ఖర్జూరమో గ్లూకోజో ఎనర్జీ జెల్లో జేబులో పెట్టుకోండి, అదీ ప్రాక్టీసులో ముందే అలవాటు చేసుకుని. రేస్ రోజు కొత్త ప్రయోగాలు వద్దు, కడుపు తిరగబడుద్ది.

ఇక ఏడుపు. ఇక్కడ నాకు రెండు రకాల మనుషులంటే చిరాకు. ఒకళ్ళు "అదంతా షుగర్ తగ్గడం వల్ల, హార్మోన్లు" అని కొట్టిపారేసేవాళ్ళు, ఇంకొకళ్ళు "ఆ క్షణంలో నిన్ను నువ్వు కనుక్కున్నావు" అని రీల్ చేసేవాళ్ళు. ఒంట్లో శక్తి అయిపోయింది కాబట్టి తలుపు తెరుచుకుంది, నిజమే, కానీ బయటికొచ్చింది మాత్రం లోపల ముందునుంచీ ఉన్నదే. నాలుగైదు నెలలు మీ ఇంట్లో ఎవరైనా మీతో "ఇంకొంచెమే" అన్నారా? నవ్వారు, ముసుగేసుకుని పడుకున్నారు. ముక్కూ మొహం తెలీని పిల్లాడు అన్నాడు. ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యపోయేదాన్ని. ఆ ఏడుపుకి డాక్టర్ అక్కర్లేదు, ఇంట్లో ఒక మాట మాట్లాడటం అవసరం. మీ ఆయనకి ఆ 17వ కిలోమీటర్ సంగతి చెప్పారా? మీ ఉత్తరం చూస్తే చెప్పలేదనే అనిపిస్తోంది.

సంతోషం ఎందుకు రాలేదంటే, అది ఫినిష్ లైన్ దగ్గర కూర్చుని మీకోసం ఎదురుచూస్తుందని మనకి ఫొటోలు నేర్పించాయి. ఫొటోగ్రాఫర్ నిలబడే చోట అందరూ చేతులెత్తుతారు, పది అడుగులు దాటాక మొహాలు చూడండి ఒకసారి. పరుగులో వచ్చే ఆ హాయికి ఎండార్ఫిన్లు అనే, ఒంట్లోనే తయారయ్యే నొప్పి తగ్గించే పదార్థాలే కారణమని చాన్నాళ్ళు అనుకున్నారు, కానీ అవి రక్తంలోంచి మెదడులోకి సులువుగా దాటవు. 2015లో జర్మనీ సైంటిస్టులు ఎలుకల మీద చేసిన పరిశోధనలో, ఎండార్ఫిన్లు పనిచేసే దారి మూసేసినా పరుగు తర్వాతి ప్రశాంతత వచ్చింది, ఎండోకన్నాబినాయిడ్లు అనే పదార్థాల దారి మూస్తే రాలేదు. మనుషుల్లో ఈ పదార్థాలు బాగా పెరిగేది మధ్యస్థమైన స్పీడులో, అంటే పక్కవాళ్ళతో ముక్కలు ముక్కలుగా మాట్లాడగలిగే పరుగులో. ఒంట్లో ఉన్నదంతా పిండేసుకుంటూ ఈడ్చిన చివరి నాలుగు కిలోమీటర్లలో అది ఎక్కణ్ణుంచొస్తుంది? గుర్తు తెచ్చుకోండి, ఏదో ప్రాక్టీస్ రోజు తెన్నేటి పార్కు ఎక్కుడు దాటి కిందికి దిగుతుంటే, ఇంకా పూర్తిగా వెలుతురు రాకముందు, ఊరికే నవ్వొచ్చిన రోజు ఉండే ఉంటుంది. మీ వాటా మీకు అప్పుడే వచ్చేసింది.

వెలితి మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. పెళ్ళయ్యి పందిరి విప్పేశాక ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు కదా, అది కొంత ఉంది. నెలల తరబడి ఒక తారీకు కోసం బతికి, ఆ తారీకు అయిపోతే ఎవరికైనా ఇలాగే ఉంటుంది. కానీ మీ విషయంలో పోయింది తారీకు ఒక్కటే కాదనుకుంటా. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా మిమ్మల్ని ఎవ్వరూ ఏదీ అడగని టైం ఒకటి ఉండేది, టిఫిన్ ఏంటి అని గానీ, హోంవర్క్ దిద్దావా అని గానీ. రేస్ అయిపోయింది కాబట్టి ఇంట్లోవాళ్ళు ఆ టైం కూడా అయిపోయిందనుకున్నారు, మీరూ ఒప్పేసుకున్నారు. ఆ రెండు గంటలు మళ్ళీ తీసేసుకోండి. పరిగెత్తాలని లేకపోతే పరిగెత్తొద్దు, వాచీ ఇంట్లో పెట్టేసి ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడవండి, పొద్దున పూట అటు బళ్ళు కూడా రానివ్వరు, కాళీ గుడి ఎదురుగా గోడ మీద కూర్చోండి. ఈ ఊపులో వెంటనే ఫుల్ మారథాన్‌కి పేరు ఇచ్చెయ్యడం మాత్రం వద్దు, వెలితిని పూడ్చడానికి చాలామంది చేసే పని అదే, 42 కిలోమీటర్లంటే రెండు హాఫ్‌లు కాదు, 30 దాటాక అది వేరే లోకం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. నీరసం, చిరాకు ఇన్ని వారాలు ఉంటే ఒకసారి రక్తం చూపించుకోండి, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్. పరుగులో ఐరన్ పోతుంది, మన ఆడవాళ్ళలో అసలే తక్కువ. ఇక నిద్ర పట్టకపోవడం, తినబుద్ధి కాకపోవడం, పరుగే కాదు దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఇవి రెండు వారాలకి మించి ఉంటే అది రేస్ తర్వాత వెలితి అనుకుని కూర్చోవద్దు. మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ ఉంది, నంబర్ 14416, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: నేను గాజువాక, 26 ఏళ్ళు. వైజాగ్‌లో హాఫ్ 2.19కి చేశా, ఎక్కుడు దగ్గర కాసేపు నడిచా. నా ఫ్రెండ్ బెంగళూరులో 1.58కి చేశాడు, గ్రూపులో అందరూ వాడికి చప్పట్లు. సిగ్గేసి నా ఫొటో పెట్టలేదు. నడిస్తే అసలు హాఫ్ మారథాన్ చేసినట్టేనా?

జవాబు: చేసినట్టే తమ్ముడూ. రూల్ బుక్కులో ఉన్నది దూరం, 21.0975 కిలోమీటర్లు. నడవకూడదని ఎక్కడా లేదు. అమెరికాకి 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే అనే ఆయన కావాలనే మధ్యమధ్యలో నడిచే పద్ధతిని ప్రపంచమంతా నేర్పించాడు, ఒలింపియనే నడవమంటే మనకేంటి సిగ్గు! ఇంకోటి, బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, చల్లటి ఊరు. నువ్వు పరిగెత్తింది సముద్రం ఒడ్డున, తేమలో. రెండు టైములు పక్కపక్కన పెట్టడమే తప్పు. వాణ్ణి ఓసారి ఇక్కడికి పిలువు, తెన్నేటి పార్కు ఎక్కుడు చూపించు. అయినా ఫొటో పెట్టాలనిపించకపోతే పెట్టకు, అది కూడా తప్పేం కాదు.

ప్రశ్న: మా ఆవిడ వచ్చే నెల మొదటిసారి హాఫ్ మారథాన్ చేస్తోంది. నాకు పరుగు గురించి ఏమీ తెలీదు. ఫినిష్ దగ్గర నేనేం చెయ్యాలండీ? (మధురవాడ)

జవాబు: ఇలాంటి ఉత్తరం రావడమే గొప్ప విషయం బాబూ, దీన్ని ఫ్రేమ్ కట్టించుకుంటా. రాగానే కూర్చోబెట్టకండి, పరిగెత్తి పరిగెత్తి ఒక్కసారి ఆగితే రక్తం కాళ్ళలో నిలిచిపోయి కళ్ళు తిరుగుతాయి, పది నిమిషాలు మెల్లగా నడిపించండి, అప్పటికీ కళ్ళు తిరిగితే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి. లీటర్లకి లీటర్లు మంచినీళ్ళు తాగించొద్దు, ఉప్పు పలచబడిపోయి ప్రమాదం, ఉప్పేసిన మజ్జిగ అయితే బెస్ట్, దాహం వేసినంతే. మాట తడబడినా, ఎక్కడున్నానో తెలీనట్టు చూసినా, వాంతులు అవుతున్నా "అలిసిపోయిందిలే" అనుకోకుండా సీదా మెడికల్ టెంట్‌కి తీసుకెళ్ళండి.

మొదటి మాటగా "ఎంత టైం పట్టింది" అని మాత్రం అడక్కండి. ఏడ్చినా, అరిచినా, మీ మీద విసుక్కున్నా కారణం అడగొద్దు, ఓ గంటయ్యాక ఆవిడే చెప్తారు, చెప్పకపోయినా సరే. పొడి టవల్, పొడి చొక్కా, స్లిప్పర్లు, తినడానికేమైనా సంచిలో పెట్టుకెళ్ళండి. ఫినిష్ గేటు దగ్గర తోపులాట ఉంటుంది, ఫోన్లు కూడా సరిగ్గా కలవవు, అందుకని ఏ స్తంభం దగ్గర కలవాలో ముందు రోజే అనుకోండి. వీలైతే ఫినిష్ కంటే ముందు, 16, 17 కిలోమీటర్ల మధ్య ఎక్కడో నిలబడండి, అక్కడ జనం పల్చగా ఉంటారు, మీ గొంతు వినిపిస్తుంది.