భిన్నాలు చెప్పబోయే అమ్మలూకి

అమ్మలూ,

నీకు టీచర్ పోస్టింగ్ వచ్చిందనీ, సోమవారం ఐదో తరగతికి భిన్నాలు పోల్చడం మొదలుపెడుతున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ మాట మీ పెద్దమ్మకు మూడుసార్లు చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. సరిగ్గా ఈ పాఠం దగ్గరే నేను ఒక పిల్లాడి మనసు విరిచాను.

తేలికవి ముందు చెప్పేస్తాను. హారాలు, అంటే గీత కింది అంకెలు, ఒకటే అయితే లవాలు, అంటే పై అంకెలు, చూస్తే చాలు, 3/7 కన్నా 5/7 పెద్దది. లవాలు ఒకటే అయితే హారం పెరిగేకొద్దీ భిన్నం తగ్గుతుంది. పావుకిలో కన్నా అరకిలో ఎక్కువని కొట్టుకెళ్లి పంచదార తెచ్చే ప్రతి పిల్లకీ తెలుసు. అదే 1/4, 1/2 అని రాస్తే మాత్రం 4 పెద్దది కదండీ అంటారు. అందుకని ముందు నోటితో పావు, అర అనిపించు, తర్వాతే అంకెలు రాయించు.

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. బోర్డు మీద 1/2, 1/3 రాసి ఏది పెద్దదని అడిగాను. ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడొకడు ఆ రోజు మొదటిసారి చెయ్యెత్తి, "మూడో వంతండీ" అన్నాడు. నిన్ననే కదరా చెప్పానని అందరి ముందూ బెత్తంతో రెండు తగిలించాను. నెల పోయాక వాళ్ల నాన్న బజారులో కనిపించి, మాటల మధ్యలో ఇంటి పంపకాల సంగతి చెప్పాడు. వాళ్లది ఆరెకరాలు, అన్నదమ్ములు ముగ్గురు. ఈయన వాటా మూడో వంతు, అంటే రెండెకరాలు. పక్కింటివాళ్లది మొత్తం రెండెకరాలు, ఇద్దరికీ చెరి సగం, ఎకరం చొప్పున. వాడు రోజూ చూసే మూడో వంతు, పక్కింటి సగం కన్నా నిజంగానే పెద్దది! రెండూ ఒకే మొత్తంలోంచి తీసినప్పుడే పోల్చాలన్న మాట నేను చెప్పనేలేదు. "ఎందుకలా అన్నావు నాన్నా" అని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. ఆ ఏడంతా వాడు మళ్లీ చెయ్యెత్తలేదు. ఆ కుర్రాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే బోర్డు మీద చేత్తో గుండ్రాలు గియ్యకు, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతుంది. ఒకే పొడవున్న కాగితం ముక్కలు ఇచ్చి మడతపెట్టించు. మూడు మడతలు సమానంగా రావడం కష్టం, ముందు నువ్వు ఇంట్లో మడిచి చూసుకో.

నువ్వు చిన్నప్పటి నుంచీ తొందర మనిషివి. ఒకదాని లవాన్ని రెండోదాని హారంతో గుణించి పోల్చే అడ్డ గుణకారం మొదటి రోజే చెప్పేస్తావని నా భయం. వద్దు తల్లీ. ముందు సగంతో పోల్చడం నేర్పు. 7లో సగం మూడున్నర, కాబట్టి 3/7 సగానికి తక్కువ. 9లో సగం నాలుగున్నర, కాబట్టి 5/9 సగానికి ఎక్కువ. గుణించే పనే లేకుండా 5/9 పెద్దదని తేలిపోయింది. తర్వాత 3/4, 7/8 ఇవ్వు. రెండింటికీ ఒక్కటే తక్కువ కాబట్టి సమానమని ఎవరో ఒకరు అంటారు. కోప్పడకు. ఆ తక్కువైన ముక్క ఎంతుందో అడుగు. ఒకచోట పావు, రెండోచోట అందులో సగమే. తక్కువైంది చిన్న ముక్క కాబట్టి 7/8 పెద్దదని వాళ్లే అంటారు. క.సా.గు., అంటే రెండు హారాలతోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య, చివర్లో చెప్పు. 5/6, 7/9 ఉంటే 18 హారంగా తీసుకుని 15/18, 14/18 అని రాయించు. అడ్డ గుణకారంలో జరిగేదీ ఇదే, అక్కడ హారం 54 అవుతుంది, 45, 42 అని లవాలే చూస్తాం. ఇది అర్థమయ్యాకే ఆ పద్ధతి ముట్టుకో.

నీ చిన్నప్పుడు బొబ్బట్టు సగం చేసి ఇస్తే, రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకుని గానీ తినేదానివి కాదు. ఆ పిల్లే ఇప్పుడు పంతులమ్మ అయింది.

వేళకి భోంచెయ్యి. కాగితాలు మడిచేటప్పుడు పిల్లలు ఏమేమి అన్నారో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, ముఖ్యంగా తప్పు చెప్పినవాళ్ల మాటలు.

మీ పెదనాన్న